ఆ గోదావరియే ఈ గోదావరి

సుఖానుభవం ముగిసిన చోటనే సమసిపోదు. అది చిత్తంలో సంస్కారరూపంగా నిలిచి, తగిన ఉద్బోధకం తటస్థించినప్పుడు స్మృతిగా మేల్కొంటుంది. స్మృతి ఇచ్ఛను పుట్టిస్తుంది. ఇచ్ఛ మనిషిని మరల ఆ చోటికే నడిపిస్తుంది. పతంజలి మహర్షి క్లేశములను నిరూపించే సందర్భంలో, సుఖాన్ని అనుసరించి చిత్తంలో నిద్రాణమై ఉండేదే రాగమని చెప్పియున్నారు. దుఃఖం వెంట ద్వేషం వచ్చుట సర్వులకూ అనుభవసిద్ధమే. సుఖం వెంట కూడా ఒక బంధం చప్పుడు చేయక వచ్చి చేరుతుందని గుర్తించుట కొంచెం కష్టం. ఒకసారి మిక్కిలి ఆనందాన్నిచ్చిన యాత్రను రెండవసారి చేయబూనిన వారికి ఈ విషయం గ్రంథం తెరవకుండానే బోధపడుతుంది. హైదరాబాదు పాతబస్తీకి చెందిన ఒక దంపతుల అనుభవం ఇందుకు నిదర్శనం.

వారి నివాసం శాలిబండ సమీపంలోని హరిబౌలి. అక్కన్న మాదన్న మహాకాళి ఆలయం గంటానాదం ఇంటి వాకిలి దాకా వినవచ్చే దూరం. గృహస్థు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడుగా పనిచేసి విరమించినవారు. అక్కన్న మాదన్నల మేనల్లుడైన కంచర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారుగా ఉండి భద్రాద్రిపై ఆలయం కట్టించి, గోలకొండ చెరసాలలో మ్రగ్గిన కథను ఆయన తరగతిలో దశాబ్దాలపాటు బోధించారు. కావున 2012 జనవరిలో దంపతులిరువురూ భద్రాచలం వెళ్ళి రామచంద్రుని సేవించుకొని, మరునాడు రెండు గంటలకు పైబడిన రోడ్డు ప్రయాణం చేసి, వరరామచంద్రాపురం మండలంలోని పోచవరం రేవులో లాంచీ ఎక్కి పాపికొండలు చూచివచ్చుట స్వాభావికంగానే జరిగినది.

ఆ ఒక్క దినం వారి గృహంలో ఒక పర్వదినంగా నిలిచిపోయినది. లాంచీ పైఅంతస్తులో ఎడమవైపు దొరికిన చోటు, పొగమంచు విడిపోయి కొండలు ఒకటొకటిగా బయటపడిన తీరు, పేరంటపల్లిలో బాలానందస్వామివారు నెలకొల్పిన మునివాటం, దాని ప్రక్కన కొండవాగు చల్లదనం, కొండరెడ్ల స్త్రీ వద్ద కొన్న వెదురుబుట్ట, తిరుగు ప్రయాణానికి ముందు ఇసుకతిన్నెపై అరగంట కూర్చొనుట, ఇవన్నియు పండుగలకు బంధువులు చేరినప్పుడెల్లా పునశ్చరణకు వచ్చేవి. ఆ ఇసుకపై కూర్చున్నప్పుడు దంపతులు పరస్పరం ఏమియు మాట్లాడుకొనలేదు. అయినను తమ దాంపత్యంలో అంతటి సంభాషణ మరి ఎన్నడూ జరుగలేదని ఆమె అనేవారు.

అనంతరం పదమూడు సంవత్సరాలు గడచినవి. ఈ నడుమ ఆ నదీతీరం పొందిన పరిణామాలు అల్పమైనవి కావు. 2014లో పోలవరం ప్రాజెక్టు నిమిత్తం ఖమ్మం జిల్లా మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. వరరామచంద్రాపురం వాటిలో ఒకటి. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద వరద ఉద్ధృతిలో పర్యాటక పడవ మునిగి ఎందరో జలసమాధి అయ్యారు. మృతులలో తెలంగాణకు చెందినవారు అనేకులు. పాపికొండల విహారయాత్రలు నిలిచిపోయినవి. 2021 జూన్‌లో గోదావరి ప్రవాహాన్ని పోలవరం స్పిల్‌వే వైపు మళ్ళించారు. ఎగువ కాఫర్ డ్యాం వెనుక నిలిచిన నీటిలో దేవీపట్నం మండల గ్రామాలు మునిగినవి. 2022 ఏప్రిల్‌లో వరరామచంద్రాపురం కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. ఆ యేడు జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరి మన్యం గ్రామాలను ముంచివేసినది. ఈ వార్తలన్నిటినీ ఆ దంపతులు హరిబౌలిలోని ఇంట కూర్చొని చూచినారు. మూసీ తీరవాసులకు నదికి రెండు ముఖాలుండునని ఎవరూ చెప్పనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28 నాటి వరదను కన్నులారా చూచిన పెద్దలు గతించినా, ఆ మాట ఇంటింటా మిగిలియే ఉన్నది.

కాలం గృహంలోనూ తన పని తాను చేసినది. గృహిణికి చిరకాలంగా ఉన్న మధుమేహం కంటి రెటీనాను దెబ్బతీసినది. లేజర్ చికిత్సలు, ఇంజెక్షన్లు క్షయాన్ని మందగింపజేయగలిగినవే గాని, పోయిన చూపును తిరిగి తేలేకపోయినవి. 2023 నాటికి ఆమెకు వెలుగునీడలు, పెద్ద ఆకారముల అంచులు మాత్రమే తెలిసే స్థితి ఏర్పడినది. ఒకనాటి సాయంకాలం ఆమె, "ఒక్కసారి మళ్ళ గోదారికి పోదాం" అన్నారు. భర్త ఆ మాటను ఆజ్ఞగా స్వీకరించారు. పడవలు తిరిగి నడుస్తున్నవని విచారించి తెలిసికొని, 2025 జనవరికి ప్రయాణం నిశ్చయించారు.

ఆయన సన్నాహం పరిశీలించదగినది. 2012 నాటి దినచర్య పుస్తకాన్ని వెలికితీసి, నాడు జరిగిన ప్రతి అంశాన్నీ ఒక కాగితంపై వరుసగా వ్రాసికొన్నారు. అదే మాసం, అదే రాత్రి బస్సు, భద్రాచలంలో అదే సత్రం, లాంచీలో అదే వైపు, పేరంటపల్లి వాగు, వెదురుబుట్ట, ఇసుకతిన్నె. భార్యకు చూపు పోయినది గనుక మిగిలిన సర్వమూ యథాతథంగా సమకూర్చినచో ఆ పాత ఆనందం యథాతథంగా తిరిగి లభించునని ఆయన భావన. ఇందులో ప్రేమ లేదని అనుటకు వీలులేదు. ప్రేమతో కలిసిన అపేక్ష మిక్కిలి సూక్ష్మమైనది. అది తన్ను తాను అపేక్షగా గుర్తించుకొనదు, సేవగా భావించుకొంటుంది.

లోపం ఎక్కడ ఉన్నదో తర్కశాస్త్రం తేటపరుస్తుంది. తర్కసంగ్రహకర్త అన్నంభట్టు బుద్ధిని స్మృతి, అనుభవం అని రెండుగా విభజించి, కేవలం సంస్కారం నుండి పుట్టే జ్ఞానమే స్మృతి అన్నాడు. యథార్థానుభవానికే ప్రమ అని పేరు. అనగా స్మృతి గడచినదానిని గూర్చి చెప్పగలదు గాని, ఎదుట ఉన్న వస్తువు విషయంలో ప్రమాణం కాజాలదు. పునర్యాత్ర చేసేవాడు సరిగా ఈ చోటనే పొరబడతాడు. స్మృతిని సాక్షిగా ఉంచుటతో ఆగక, న్యాయాధిపతి పీఠంపై కూర్చుండబెడతాడు. ఎదుటి నది తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకొనవలసిన ముద్దాయి అవుతుంది.

ఆషాఢమాసంలో వారి వీధిలోనే జరిగే బోనాలకు ఈ ప్రమాదం లేకపోవుట గమనార్హం. అక్కన్న మాదన్న ఆలయ ఘటం ఏనుగుపై ఊరేగుతుంది. ఏటేటా అదే ఘటం, అదే వీధి, అదే డప్పు. నిరుటి బోనం వలె లేదని ఆ గృహిణి ఎన్నడూ విచారించలేదు. బోనం తాను పొందుటకు ఎత్తినది కాదు, సమర్పించుటకు ఎత్తినది. సమర్పణకు పోలిక అవసరం లేదు. భోగానికి పోలికయే ప్రాణం. ఒకే క్రియ మరల మరల జరిగినప్పుడు విసుగు గాని నిరాశ గాని కలుగుట, కలుగకపోవుట అనునది ఆవృత్తిపై ఆధారపడదు. ఏమి ఆశించి దానిని ఆవర్తనం చేస్తున్నామనుదానిపై ఆధారపడుతుంది.

జనవరి రెండవ వారంలో వారు ఆటోలో మూసీ నడుమ ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్ చేరి, భద్రాచలం బస్సు ఎక్కినారు. కాగితంలోని మొదటి అంశం నెరవేరినది. రెండవది భద్రాచలంలోనే భంగపడినది. పాత సత్రంలో గదులు ఖాళీ లేవు. పోచవరం రేవులో మూడవది పోయినది. ప్రయాణికుల పేర్లు వ్రాసికొని, నారింజరంగు లైఫ్‌జాకెట్లు తొడిగించి, కూర్చొనవలసిన చోట్లు సిబ్బందియే చూపినారు. ఎడమవైపు పైఅంతస్తు వారికి లభించలేదు. కచ్చులూరు తరువాత అవసరమైన ఆ జాగ్రత్తను కూడా ఆయన తన జ్ఞాపకానికి జరిగిన అపచారంగా తలచారు. పడవ కదిలినంతనే స్పీకర్లలో సినిమా పాటలు, పిల్లల నృత్యం మొదలైనవి. నాడు కూర్చున్న ఇసుకతిన్నె ఉండవలసిన మేరలో నీరు నిండి ఉన్నది.

ప్రతి మలుపులోనూ ఆయన భార్యకు వివరిస్తూనే ఉన్నారు. ఆ వివరణ అంతయు ఒకే ధోరణిలో సాగినది. అప్పుడు ఇక్కడ ఇసుక ఉండినది. అప్పుడు నీరు ఇంకా తేటగా ఉండినది. అప్పుడు ఇంత రొద లేదు. అప్పుడు ఆ గట్టున గుడిసెలు ఉండినవి. సుమారు గంటసేపు ఆమె విన్నారు. పిదప చేతితో ఆయన మోచేతిని తడిమి పట్టుకొని, నెమ్మదిగా అన్నారు:

"అప్పటిది నాకు గూడ యాదున్నది. ఇప్పుడు నా ముందట ఏమున్నదో అది చెప్పుండ్రి."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఐనను ఆయన చాలాసేపు మాట్లాడలేకపోయారు. నాటి రూపసంపద సంస్కారరూపంగా ఇరువురిలోనూ సమానంగానే ఉన్నది. అది ఆమెకు వేరొకరు చెప్పవలసిన పని లేదు. ఆమెకు లేనిది నేటి చాక్షుష ప్రత్యక్షం. అది ఉన్నవాడు దానిని త్రోసివేసి, లేనివారికి స్మృతిని పంచిపెడుతున్నాడు. ఆకలిగొన్నవానికి నిన్నటి విందును వర్ణించినట్లుగా తన ప్రేమ అంతయు వ్యర్థమైనదని ఆయనకు ఆ క్షణంలో స్ఫురించినది. రెండు కన్నులుండి గంటసేపటినుండి నదిని చూడనిది తానేనని కూడా స్ఫురించినది.

పడవ ఇరుకైన కొండల నడుమకు ప్రవేశిస్తున్నది. స్త్రీ పాపిట వలె కొండలను చీల్చుకొని నది సాగుట వలననే ఆ పేరు వచ్చినదని జనులు చెప్పుకొనే చోటు అదే. ఆయన చూచి చెప్పసాగారు. ఈసారి పండితుని భాష రాలేదు. ఇంటి భాషయే వచ్చినది.

"కుడిపక్క కొండ మీదికెళ్ళి మంచు దిగుతున్నది. సగం కొండ కనబడతలేదు. నీళ్ళు బూడిద రంగున ఉన్నయి. ఒక చిన్న పడవల ఇద్దరు వల తీస్తున్నరు. ముందట రెండు కొండలు కలిసిపోయినయి, దారి మూసుకపోయినట్టే ఉన్నది."

"మూసుకపోయిందా?" అని ఆమె అడిగారు.

"ఆగు." కొంతసేపు మౌనం. "ఇగో, ఇప్పుడు తెరుచుకుంటున్నది."

ఆమె ముఖాన గాలి మారినది. కొండల నీడ తొలగి వెలుగు పడినట్లు ఆమె కన్నులకు కూడా తెలిసినది. పాటలు ఆగలేదు, పిల్లల నృత్యం ఆగలేదు. ఆయనకు అవి వినబడుట మాత్రం ఆగినది.

వేదాంత సంప్రదాయంలో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణం కలదు. చాలాకాలం క్రిందట ఎక్కడనో చూచిన దేవదత్తుడు నేడు వేరొక చోట కనబడతాడు. ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు అని చూచినవాడు గుర్తిస్తాడు. ఆనాటి దేశకాలాలతో కూడిన వాడు, ఈనాటి దేశకాలాలతో కూడిన వాడు ఒక్కడగుట అసంభవం. అప్పటి యౌవనం ఇప్పుడు లేదు, ఇప్పటి నెరసిన జుట్టు అప్పుడు లేదు. అయినను వాక్యం సత్యమే. విరుద్ధమైన అంశాలను రెండు వైపులా విడిచి, అవిరుద్ధమైన వ్యక్తిని మాత్రం గ్రహించుటచేత ఐక్యం సిద్ధిస్తుంది. దీనికే భాగత్యాగలక్షణ అని పేరు. మహావాక్యార్థ నిర్ణయం కొరకు ఆచార్యులు వినియోగించిన ఈ ప్రక్రియను లౌకికవిషయానికి అన్వయించుట పెద్ద వస్తువును చిన్న పనికి వాడినట్లే. ఐనను దీపం గ్రంథపఠనానికి వెలిగించినా గడపను కూడా చూపుతుంది.

ఇందులో మరువరాని అంశం ఒకటి ఉన్నది. త్యాగం ఉభయపక్షాలలోనూ జరుగవలెను. పునర్యాత్రికునకు సాధారణంగా ఇచ్చే సలహా అపేక్షను తగ్గించుకొమ్మని. అది ఏకపక్షమైన త్యాగం. పూర్వానుభవం అనే కొలబద్ద చేతిలోనే ఉన్నది, దానిపై గీత మాత్రం కొంచెం క్రిందికి జరిపినట్లు. అప్పటి ఇసుకతిన్నెను విడుచుట సగం పని. ఇప్పటి రొదను, రద్దీని తన పాలిట అన్యాయంగా పరిగణించుటను విడుచుట తక్కిన సగం. రెండూ విడిచిన పిదప మిగిలేది ఏమి? నది, ప్రక్కన కూర్చున్న మనిషి, వారిరువురి నడుమ నడిచే మాట. 2012లోనూ నిజంగా ఉన్నవి ఇవే.

అయితే అక్కడ జరిగిన మార్పులన్నిటినీ విడువదగిన ఉపాధులుగా కొట్టివేయుట అవివేకం. నీట మునిగిన ఊళ్ళు పర్యాటకునకు దృశ్యంలో ఒక లోటు. ఆ ఊళ్ళవారికి అవి ఇండ్లు, పొలాలు, దేవతల గుళ్ళు. పోలవరం సంపూర్ణ జలమట్టం 45.72 మీటర్లని నిర్ణయించిన సంఖ్య, కొండరెడ్ల కుటుంబాలకు ఏ గట్టుపై బ్రతుకవలెనన్న ప్రశ్న. తన విహారానికి భంగం కలిగినదని విచారించువాడు ఈ దుఃఖాన్ని చూడలేడు, ఎందుకనగా అతడు చూచునది తన జ్ఞాపకానికి తగిలిన గాయాన్నే. పోలికను విడిచినవానికే ఎదుటివారి నష్టం నష్టంగా కనబడుతుంది. గుడిసెలు ఏమైనవని ఆయన పడవవానిని మొదటిసారి అడిగినది ఆ మలుపు దాటిన తరువాతనే.

పేరంటపల్లిలో మెట్లు దిగుటకు ఆమెకు కొంత శ్రమ అయినది. శివాలయంలో నమస్కరించి, వాగు వద్ద కూర్చొని ఇరుచేతులూ నీటిలో ఉంచినారు. ఉంచినంతనే, "అప్పుడు ఇంత చల్లగ లేకుండె" అన్నారు. ఆయన పకపక నవ్వినారు. తన మాట తనకే తగిలినదని గ్రహించి ఆమెయు నవ్వినారు. స్మృతి సహజధర్మం, దానిని ఎవరూ నిషేధించలేరు. అది వచ్చి నమస్కరించి వెళ్ళిపోయినచో అతిథి. వచ్చి పాత పత్రం చూపి బాకీ అడిగినచో ఋణదాత.

వెదురుబుట్ట ఈసారి కొనలేదు. పాతది ఇంటిలో ఇంకా ఉన్నదనియు, అందులో మందుల డబ్బాలు ఉంచుకొంటున్నాననియు ఆమె గుర్తుచేశారు.

హరిబౌలి చేరిన మరునాడు ఆయన ఆ కాగితాన్ని 2012 నాటి దినచర్య పుస్తకంలో తిరిగి ఉంచబోతూ, యాత్రకు ముందరి పుటను అనాలోచితంగా తిరగవేశారు. అందులో ఒక్క వాక్యం ఉన్నది. కుమార్తె వివాహానికి చేసిన అప్పులో చివరి వాయిదా ఆ వారమే చెల్లించినట్లు. ఆరేళ్ళ భారం దిగిన నాలుగవ నాడు వారు గోదావరిపై ఉన్నారు. ఆయన వ్రాసికొన్న జాబితాలో బస్సు, సత్రం, లాంచీ, బుట్ట అన్నియు చేరినవి. ఇది మాత్రం చేరలేదు.

విద్యారణ్యస్వామి పంచదశిలోని చివరి ప్రకరణం విషయానందాన్ని గూర్చినదే. ఆనందం విషయంలో లేదు. కోరిక ఉపశమించి శాంతమైన చిత్తవృత్తిలో స్వరూపానందమే ప్రతిబింబిస్తుంది. నిర్మలజలంలో చంద్రబింబం స్పష్టంగాను, కలుషజలంలో అస్పష్టంగాను తోచినట్లు అని అక్కడి సిద్ధాంతం. నాటి దంపతుల చిత్తం ఋణవిముక్తిచేత తేరిన నీరు. అందులో తోచిన చంద్రుని ఆయన ఇసుకతిన్నెదిగా, లాంచీలోని ఎడమవైపుదిగా భ్రమించి, పదమూడు సంవత్సరాల పిదప ఆ సామగ్రిని కూడగట్టుటకు పూనుకొన్నారు. సామగ్రి అంతయు సమకూడినను చిత్తం జాబితా పట్టుకొని కలత చెందుతున్నంతకాలం బింబం తోచుటకు వీలులేదు. సామగ్రి సగం లోపించినను, భార్య పలికిన ఒక్క మాటతో చిత్తం నిలిచినప్పుడు అది తోచినది.

కావున ప్రియమైన యాత్రను మరల చేయువారు దానిని మానుకొనవలసిన పని లేదు. మానుకొనుట కూడా ఒకానొక భయమే. జ్ఞాపకం చెడిపోవునేమో అన్న లోభం. వెళ్ళుటకు ముందు నాటి ఆనందానికి ఏ నిశ్చింత కారణమైనదో విచారించవలెను. ప్రక్కన ఉన్నవారు ఏమి కోరి వస్తున్నారో అడుగవలెను. తాను ఊహించి నిర్ణయించరాదు. చేరిన పిదప మొదటి గంట పోలిక లేకుండా చూచుటకు ప్రయత్నించవలెను. పోలిక వచ్చినచో నవ్వి పంపివేయవలెను.

ఆ కాగితం ఇప్పుడు వెదురుబుట్టలో, మందుల డబ్బాల అడుగున ఉన్నది. సాయంకాలం ఆయన, ఆమె వాకిలిలో కూర్చుంటారు. వీధిలో ఏమి జరుగుతున్నదని ఆమె అడుగుతారు. నలుబది ఏళ్ళుగా చూచిన వీధియే. ఆయన తల ఎత్తి, చూచి, అప్పుడు చెబుతారు.